మూడో తారీఖు ప్రయాణం

అమ్మ వచ్చిన నాలుగో రోజుకే మా ఇంట్లో కుట్టడానికి ఏమీ మిగల్లేదు.

కర్టెన్ల అంచులు విప్పి మళ్లీ కుట్టింది. మా ఆయన స్క్రూడ్రైవర్లు పెట్టుకుని చిల్లులు పెట్టుకున్న ప్యాంటు జేబులు బాగుచేసింది. పాప తోపుడుబండి బెల్టు, సోఫా దిండు మూల, చివరికి వంటింట్లో చేతిగుడ్డలకి కొక్కేనికి తగిలించే పట్టీలు కూడా. మిషన్ లేదు కాబట్టి అంతా చేత్తోనే. ఐదో రోజు పొద్దున కాఫీ తాగి, ఖాళీ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇల్లంతా కలియజూసింది.

"ఇంకేమున్నాయే?"

"ఏమీ లేవమ్మా. హాయిగా కూర్చో. సెలవులు కదా."

"సెలవులు మీకు. నాకెవరిచ్చారు?"

క్రిస్మస్ సెలవులకని మన దేశం నుంచి ఇక్కడికి వచ్చారు అమ్మా నాన్నా. వచ్చిన రెండు రోజులకే ఊరు మూతపడటం మొదలైంది. మా వీధిలో చెప్పుల షాపు, మందుల షాపు, పాప డాక్టరు క్లినిక్కు, ఒక్కొక్కటే తలుపుకి కాగితం అంటించుకుని వెళ్లిపోయాయి. ఎదురింటి బాల్కనీలో దీపాల దండ మధ్యాహ్నం నాలుగింటికే వెలుగుతుంది. అమ్మ మూడో అంతస్తు కిటికీలోంచి ఆ వీధిని చూసి, "జనం ఏరి?" అంటుంది. పది నిమిషాలకోసారి అంటుంది. ఇరవై ఆరేళ్లుగా బజారు మధ్యలో జాకెట్ల షాపు నడుపుతున్న మనిషి. మిషన్ల మోత, బేరాలు, స్కూటర్ హారన్లు లేకపోతే ఆవిడకి చెవుల్లో ఏదో తక్కువైనట్టుంటుంది.

నాన్నకి ఆ బాధ లేదు. కరెంటాఫీసులో మీటర్ రీడరుగా చేసి రిటైరయ్యాడు. వీధులుంటే చాలు, నడుస్తాడు. మా ఇంట్లో చెత్తబుట్ట సగం నిండకుండానే పట్టుకుని కిందకి వెళ్లి, నలభై నిమిషాల తర్వాత వస్తాడు.

నాకు మాత్రం ఆ రోజుల్లో మనసు నిలకడగా ఉంది. కారణం చెప్పాలి.

నేను పళ్లు చేస్తాను. డెంటిస్టులు పంపే అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్లు, తొడుగులు తయారుచేసే ల్యాబులో పని. అక్కడ కిటికీ పక్కన ఉన్న బల్ల నాది. పంటి రంగు పగటి వెలుతుర్లోనే సరిగ్గా తెలుస్తుంది కాబట్టి ముందు పళ్ల పని అంతా ఆ బల్ల మీదే జరుగుతుంది. ప్లాస్టర్ కలిపే గదిలో మూడేళ్లు, మైనం బల్ల దగ్గర రెండేళ్లు చేస్తే నాకది దక్కింది. పాప పుట్టాక మా సూపర్‌వైజరు ఆ బల్లని తొమ్మిది నెలలు నాకోసం ఆపింది. "జనవరి ఐదున వస్తే నీది. రాకపోతే ఇంకొకరికి ఇస్తాను. తర్వాత వస్తే మళ్లీ ప్లాస్టర్ గదే," అని ముందే చెప్పేసింది. పాపకి క్రెష్‌లో చోటు దొరికింది గానీ ఏప్రిల్ ఒకటి నుంచి. మా అత్తగారు మోకాళ్ల ఆపరేషన్ చేయించుకుని ఉన్నారు. మా ఆయనది లిఫ్టులు బాగుచేసే పని. ఎప్పుడు ఫోనొస్తే అప్పుడు పరిగెత్తాలి. మధ్యలో ఆ మూడు నెలలకి అమ్మే దిక్కు.

సెప్టెంబరులోనే నాన్నకి ఫోన్ చేసి అడిగాను. అమ్మని ఏదైనా అడగాలంటే నాన్నని అడగడం మా ఇంట్లో అలవాటు. స్కూలు విహారయాత్రకి పంపమని, జడ కత్తిరించుకుంటానని, ఈయన్ని పెళ్లి చేసుకుంటానని, అన్నీ నాన్న ద్వారానే అమ్మకి చేరాయి. నాన్న వెళ్లేవాడు, తలుపు చేరేసేవాడు, కాసేపటికి బయటికొచ్చి "అయిపోయింది" అనేవాడు. లోపల ఏం మాట్లాడాడో నేనెప్పుడూ అడగలేదు. ఈసారి కూడా రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "అయిపోయింది. మార్చి ఆఖరి దాకా ఉంటాం," అన్నాడు. ఆ రాత్రి నేను కంటినిండా నిద్రపోయాను.

డిసెంబరు ఇరవై మూడున అమ్మ షాపు నుంచి ఫోనొచ్చింది. షాపులో నలుగురమ్మాయిలు పనిచేస్తారు. అందరికన్నా పాతామెని 'మేనేజరు' అంటారు. ఎవరూ ఇవ్వని ఉద్యోగం అది, మిగతా ముగ్గురి మీదా తనే అధికారం తీసుకుంది. ఆ మేనేజరు వీడియోలో ఏడుపు మొహంతో కనిపించింది.

"అక్కా, పుస్తకం కనపడట్లేదు. బీరువా, కౌంటరు, మిషన్ల కింద అంతా వెతికాం. ఈ పిల్లల్ని కూడా తిట్టాను."

అమ్మ మొహంలో రంగు మారింది. లేచి వెళ్లి తన చేతిసంచీ తెచ్చింది. పాస్‌పోర్టు కవరు కింద, చీర మడత మధ్యన, నల్ల అట్ట కొలతల పుస్తకం. రోజూ షాపు మూసి ఇంటికెళ్లేటప్పుడు దాన్ని ఆ సంచీలో పెట్టుకోవడం అలవాటు. బయల్దేరిన రోజున కూడా చెయ్యి దాని పని అది చేసేసింది.

"నా దగ్గరే ఉందే తల్లీ," అంది అమ్మ, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని. "ఆ పిల్లలకి టీ తెప్పించు. తిట్టావు కదా."

"మరి పెళ్లి జాకెట్లు, అక్కా? ఎల్లుండి ఇవ్వాలి."

"కాగితం తీసుకో. చెప్తా రాసుకో."

పాప నా ఒళ్లో అన్నం తింటోంది. నేను వింటున్నాను. అమ్మ ఆ పుస్తకంలో ఎవరి పేర్లూ రాయదు. 'పోస్టాఫీసు పొడుగమ్మ పెద్దకూతురు', 'నీలం స్కూటీ', 'వద్దు వద్దంటూనే మెడ దించమనే ఆవిడ', ఇలా రాసుకుంటుంది. కళ్లజోడు పెట్టుకుని పొడుగమ్మ కూతురి పేజీ తీసింది.

"పొడవు పద్నాలుగున్నర. చాతీ ముప్పై నాలుగు. భుజం పద్నాలుగు... పద్నాలుగు పెట్టకు, పదమూడు ముప్పావు పెట్టు."

"ఏం అక్కా?"

"టేపు పెట్టగానే సిగ్గుకి భుజాలు పైకి లేపేస్తుందా పిల్ల. చాతీ దగ్గర అరంగుళం వదులు ఉంచు. కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టింది. పెళ్లిలో బిగబట్టుకుని కూర్చోలేదు కదా."

"ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయా?"

"పుస్తకంలో ఎందుకుంటాయే? నాకు గుర్తున్నాయి."

అరగంటసేపు అలా చెప్తూనే ఉంది. వచ్చిన దగ్గర్నుంచి అమ్మ గొంతు అంత హుషారుగా వినలేదు నేను. చివర్లో పుస్తకం మూస్తూ అంది:

"ఈ రెండు జతలూ నువ్వు కానిచ్చెయ్యి. ఫిబ్రవరి పెళ్లిళ్ల గుడ్డలు మాత్రం ఎవరూ ముట్టుకోవద్దు. నాలుగో తారీఖు నేనొచ్చి కత్తిరిస్తా."

"నాలుగుకి ఖాయమేనా అక్కా? పదకొండు మంది పెళ్లికూతుళ్లు. రోజూ ఎవరో ఒకరు వచ్చి అడుగుతున్నారు."

"మూడున విమానం ఎక్కుతున్నాను. ఖాయమనే చెప్పు."

నా చేతిలో చెంచా ఆగిపోయింది. పాప నోరు తెరిచి ఎదురుచూస్తోంది. నాన్న వైపు చూశాను. నాన్న లేచి నిలబడ్డాడు.

"చెత్త పారేసి వస్తా," అన్నాడు.

బుట్టలో రెండు అరటితొక్కలున్నాయి.

పాపని అమ్మకిచ్చి, కోటు వేసుకుని వెనకాలే దిగాను. వెనకవైపు చెత్తడబ్బాల దగ్గర దొరికాడు. మూత తెరిచి, మూసి, మళ్లీ తెరుస్తున్నాడు.

"నాన్నా, అమ్మకి చెప్పలేదా?"

"చెప్దామనే అనుకున్నానమ్మా. సందర్భం కుదర్లేదు."

"సెప్టెంబరు నుంచీనా? 'అయిపోయింది' అన్నావుగా!"

"అయిపోతుందనుకుని అయిపోయిందన్నా."

"టికెట్లు ఏ తారీఖుకి?"

"మార్చి ముప్పై." కాస్త గర్వంగానే చెప్పాడు. "మీ అమ్మకి వచ్చే టికెట్టు ఒకటే చూపించా. తిరుగు ప్రయాణం ఆవిడ జనవరి మూడుకి చెయ్యమంది. సరేనన్నాను. సరే అన్నానంతే."

"మరి క్రెష్ సంగతి? నేను పనికెళ్తే పాపనెవరు చూస్తారని అడగలేదా?"

"అడిగింది. జనవరి నుంచే చోటు దొరికిందని చెప్పా."

చలికి నా చెవులు మండుతున్నాయి. పైన మా కిటికీలో పాపని ఎత్తుకుని అమ్మ నిలబడి ఉంది. మమ్మల్ని చూసి పాప చెయ్యి పట్టుకుని ఊపించింది. నాన్న కూడా చెయ్యి ఊపాడు.

"ఇప్పుడేం మాట్లాడకు," అన్నాడు ఊపుతూనే. "మూడో తారీఖు పొద్దున నేను చెప్తా. టికెట్టు మార్చికి ఉందని. అప్పుడిక ఏం చేస్తుంది? నాలుగు మాటలంటుంది. నన్నేగా అనేది. నీ ఉద్యోగం నిలబడుతుంది."

తప్పని నాకు తెలుసు. తెలిసి కూడా, మెట్లెక్కుతూ కాదనలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆ ఇంట్లో ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోయాను. పండగ రోజున బస్సులు కూడా లేవు. మా ఆయన తెల్లవారుజామున ఐదింటికి ఆస్పత్రిలో లిఫ్టు ఆగిందంటే వెళ్లాడు. నాన్న ఖాళీ రోడ్ల మీద మూడుసార్లు తిరిగొచ్చాడు. అమ్మ గదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి కిటికీ దగ్గరికి నడుస్తూ, "ఇవాళ్టికి ఇంకెన్ని?" అని వేళ్లు మడిచింది. "తొమ్మిది," అంది తనే. జైల్లో ఉన్నట్టు లెక్కబెడుతోందని మనసులో ఉక్రోషం వచ్చింది. తొమ్మిది రోజులు కాదు, తొంభై అయిదని తెలిసినదాన్ని నేను. అడగకుండా తాళం వేసినదాంట్లో నా చెయ్యి కూడా ఉంది. అయినా ఉక్రోషం వచ్చింది.

మర్నాడు పెట్టె తీసి సర్దడం మొదలుపెట్టింది. షాపు పిల్లలకి కొన్న రంగు రంగుల గుండీలు నలుగురికీ నాలుగు పొట్లాలు కట్టింది. మేనేజరుకి మంచి కత్తెర. "దీన్ని చేతిసంచీలో పెట్టనివ్వరు కదూ?" అని నన్నే అడిగింది. "పెట్టనివ్వరమ్మా, పెద్ద పెట్టెలో పెట్టు," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం.

మా ఆయనకి ఆ రోజే చెప్పాను. అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపాడు.

"అంటే అత్తయ్యగారికి తెలీకుండా ఇంకా మూడు నెలలా?"

"మూడో తారీఖున నాన్న చెప్తారట."

"మనిషిని లిఫ్టులో పెట్టి తలుపులు మూసి, రెండంతస్తుల మధ్య ఆపేసి, అప్పుడు చెప్తారా? నేను రోజూ చూస్తున్నాను అలా ఇరుక్కున్నవాళ్లని. బయటికొచ్చాక వాళ్లు థాంక్స్ కూడా చెప్పరు." మళ్లీ కలుపుకుంటూ అన్నాడు, "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"బల్ల పోతుంది."

"పోతే పోతుంది అనట్లేదు నేను. చెప్పమంటున్నానంతే."

ఇరవై ఏడున ఎండ కాసింది. అమ్మకి హఠాత్తుగా క్రెష్ చూడాలనిపించింది.

"మూసేసుంటారమ్మా."

"బయట నుంచే చూస్తా. నేను వెళ్లిపోయాక పిల్ల ఎక్కడుందో నా కళ్లకి ఆనాలి కదా. ఊహకి ఏదో ఒక గోడైనా ఉండాలి."

పాపని బండిలో కూర్చోబెట్టుకుని వెళ్లాం. రెండు వీధుల అవతల, ఒక పాత ఇటుకల భవనం కింది అంతస్తు. గేటు తీసే ఉంది. అమ్మ కిటికీ అద్దానికి నుదురు ఆనించి, రెండు చేతులూ కళ్ల పక్కన అడ్డం పెట్టుకుని లోపలికి చూసింది. మోకాలెత్తు బల్లలు, ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టిన చిన్న కుర్చీలు, గోడకి వరసగా కోట్లు తగిలించే కొక్కేలు. ఒక్కో కొక్కేం పైనా ఒక బొమ్మ అంటించి ఉంది. చేప, గొడుగు, కుందేలు.

"శుభ్రంగా ఉందే," అంది. "కొక్కేలు రెండడుగుల ఎత్తులో పెట్టారు. పర్వాలేదు, బుద్ధున్నవాళ్లే. మన పాపది ఏ కొక్కేం?"

నేను బండి బ్రేకుని మళ్లీ ఒకసారి తొక్కాను.

"ఏదే? చేపా?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. చేప అనేస్తే సరిపోయేది. అమ్మ ఆ చేపని చూసుకుని తృప్తిగా ఇంటికొచ్చేది. ఊపిరి వేడికి అద్దం మీద చిన్న మసక మరక పడింది. దాన్ని కొంగుతో తుడిచి, నా వైపు తిరిగింది.

"ఏదీ కాదమ్మా," అన్నాను. "ఏప్రిల్ దాకా చోటు లేదు."

"మీ నాన్న జనవరి అన్నారే?"

చెప్పేశాను. సెప్టెంబరు ఫోన్ దగ్గర్నుంచి మార్చి ముప్పై టికెట్టు దాకా. మాటలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. అమ్మ వంగి పాప కాళ్ల మీద దుప్పటి సర్దింది. సర్దినదాన్నే మళ్లీ సర్దింది.

"నీకెప్పుడు తెలిసింది? నాకు తెలీదని."

"నాలుగు రోజులైంది."

"నాలుగు రోజులు," అంది. "గుండీల పొట్లాలు కడుతుంటే పక్కన కూర్చుని దారం అందించావు."

"అమ్మా..."

"మీ నాన్న సంగతి వదిలెయ్. ముప్పై ఎనిమిదేళ్లుగా చూస్తున్నా. ఎవరికి ఏది కావాలంటే అది అనేసి వీధిలోకి వెళ్లిపోతారు. నువ్వు నాలుగు రోజులు నా మొహం చూస్తూ తిరిగావే. అది ఎక్కడ నేర్చుకున్నావు?"

బండి లాక్కుని నడవడం మొదలుపెట్టింది. నేను వెనకాల దాదాపు పరిగెత్తాను. మలుపులో తప్పు వీధిలోకి తిరిగింది. "అటు కాదమ్మా," అంటే ఆగకుండా, "తెలుసు," అంది. తెలీదు. రెండు వీధులు అనవసరంగా తిరిగి ఇల్లు చేరాం.

నాన్న సోఫాలో పేపరు చూస్తున్నాడు. ఆ భాష ఆయనకి రాదు, బొమ్మలు చూస్తాడు. అమ్మ చెప్పులు విప్పకుండానే ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏవండీ, నాలుగు నెలలకి సరిపడా బీపీ మాత్రలు ఎందుకు సర్దారో ఇప్పుడర్థమైంది."

నాన్న పేపరు మడిచాడు. చెత్తబుట్ట వైపు చూశాడు.

"అది ఖాళీగానే ఉంది," అంది అమ్మ. "కూర్చోండి."

"నేను చెప్పేది విను. పిల్ల ఉద్యోగం..."

"పిల్ల ఉద్యోగం గురించి నాకు మీరు చెప్పాలా? నేను షాపు పెట్టినప్పుడు దీనికి మూడేళ్లు. మిషన్ కింద పడుకోబెట్టుకుని కుట్టాను. నాకు తెలీదా?" నా వైపు తిరిగింది. "సెప్టెంబరులో నన్ను అడిగుంటే ఏమనేదాన్నో తెలుసా? ఫిబ్రవరి ఆర్డర్లు తీసుకోనని బోర్డు పెట్టేదాన్ని. మేనేజరుకి కత్తెర ఇచ్చేదాన్ని. ఉండేదాన్నే. సుబ్బరంగా ఉండేదాన్ని."

ఆ మాట నాకు దెబ్బలా తగిలింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

"ఇప్పుడుండలేవా?" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినపడింది.

"ఉండలేను. పదకొండు మందికి మాటిచ్చాను. వాళ్ల గుడ్డలు నా బీరువాలో ఉన్నాయి. అబద్ధం చెప్పింది మీరిద్దరూ, మొహం చాటెయ్యాల్సింది నేనా?"

"మరి నా బల్ల?"

అమ్మ అప్పుడు చెప్పులు విప్పింది. పాపని బండిలోంచి తీసింది. తిన్నగా వెళ్లి నాన్న ఒళ్లో కూర్చోబెట్టింది.

"మీ నాన్న ఉంటారు."

"నేనా?" అన్నాడు నాన్న.

"మార్చి దాకా ఉంటామని మాటిచ్చింది ఎవరు?"

"ఉంటాం అన్నానే. ఉంటాను అనలేదుగా."

"ఇప్పుడనండి."

పాప నాన్న కళ్లజోడు లాగింది. నాన్న చేతులు గాల్లోనే ఉన్నాయి, పిల్లని ఎక్కడ పట్టుకోవాలో తెలీనట్టు. నేను పెరిగేటప్పుడు ఆయన ఎప్పుడూ వీధుల్లో ఉండేవాడు. నా జ్ఞాపకంలో నాకు ఒక్కసారి కూడా నీళ్లు పోసింది లేదు.

ఆ సాయంత్రమే మా ఆయన ఫోన్ మీద కూర్చుని అమ్మ టికెట్టు ఒక్కటీ మూడో తారీఖుకి మార్చాడు. మధ్య సీటు దొరికింది. "ఒక్కరే వెళ్లగలరా అత్తయ్యగారూ? మధ్యలో విమానం మారాలి," అన్నాడు. "పెళ్లివారు నలభై మంది ఒకేసారి షాపులోకొస్తే ఒక్కదాన్నే సర్దుకుంటా బాబూ. అంత పెద్ద ఎయిర్‌పోర్టులో నన్ను తోసేవాళ్లెవరూ లేరు," అంది అమ్మ.

ఆ తర్వాతి ఆరు రోజులూ నాన్నకి ట్రైనింగు. షాపులో కొత్త పిల్లలకి అమ్మ నేర్పే పద్ధతొకటుంది. మొదటి వారం కుట్టనివ్వదు, తప్పు కుట్లు విప్పడమే పని. కత్తెర అసలే ముట్టనివ్వదు. నాన్నకీ అదే వరస పెట్టింది. మొదటి రోజంతా డైపర్ విప్పడమే, కట్టడం లేదు. రెండో రోజు స్నానం దగ్గర తువ్వాలు పట్టుకుని నిలబడటం. మూడో రోజు అన్నం మెదపడం. మెదిపిందాన్ని అమ్మ వేళ్ల మధ్య రాసి చూసి, "ఇంకా పలుకుంది," అని తిప్పి పంపేది.

"రిటైరయ్యాక అప్రెంటిస్‌గా చేరాను," అన్నాడు నాన్న అల్లుడితో.

"మేనేజరు ఎప్పుడు చేస్తారు మామయ్యగారూ?"

"ముందు చేతులు కడుక్కోమంటోంది."

వాళ్లు నవ్వుకుంటున్నారు గానీ నాకు లోపల ఒక్క క్షణం నెమ్మది లేదు. నాన్న పాపని ఎత్తుకున్నప్పుడల్లా నేను రెండడుగుల దూరంలో తచ్చాడేదాన్ని. మెడ కింద చెయ్యి పెట్టావా, పాలు చూశావా, ఆ నాణెం అక్కడెందుకుంది? రెండుసార్లు సూపర్‌వైజరుకి మెసేజి రాశాను, బల్ల ఎవరికైనా ఇచ్చెయ్యమని. రెండుసార్లూ పంపకుండా చెరిపేశాను. పాపకి జలుబు చేస్తే? ఆయన కునుకు తీస్తే? బీపీ పెరిగితే?

రెండో తారీఖు మధ్యాహ్నం అమ్మ నాకు కోటు అందించింది. "పద. మూడు గంటలు బయట ఉండాలి మనం."

"ఎక్కడికి?"

"ఎక్కడికో. ఫోన్ ఇంట్లో పెట్టెయ్."

సగం షాపులే తెరిచారు. అమ్మ అద్దాల అవతల బొమ్మలకి తొడిగిన గౌన్ల భుజాల కుట్లు చూస్తూ నడిచింది. "ఇది చూడు, గీతలు కలపలేదు. ఇంత పెద్ద షాపు, సిగ్గు లేదు." నా కాళ్లు ఆగిన ప్రతిచోటా ఇంటి వైపు తిరుగుతున్నాయి. గంటన్నరకి, "ఇక పోదామమ్మా," అన్నాను.

"ఏం, ఏడుస్తుందనా?"

"ఆ."

"ఏడుస్తుంది. ఆయన కంగారుపడతారు. తర్వాత ఇద్దరికీ విసుగొచ్చి ఏదో ఒకటి కనుక్కుంటారు. నువ్వుంటే కనుక్కోరు." కొంచెం దూరం నడిచాక అంది, "నా చేతికింద నేర్చుకున్న ఏ పిల్లకైనా మొదటి జాకెట్టు చెడింది. చెడిపోయే గుడ్డ ముందే చూసి ఇస్తాను. పాప గుడ్డ కాదనుకో. అందుకే ఆరు రోజులు విప్పించాను."

మేం తలుపు తీసేసరికి పాప నేల మీద కూర్చుని ఉంది. గౌను వెనకది ముందుకి తొడిగారు. జుట్టులో అన్నం మెతుకులు. నాన్న చొక్కా మార్చుకున్నాడు, ఎందుకని మేం అడగలేదు. పాప నన్ను చూసి చేతులు చాచింది, ఏడవలేదు. నాన్న సోఫా అంచున నిటారుగా కూర్చుని, "రెండు గంటల యాభై నిమిషాలు," అన్నాడు. "పది నిమిషాలు ముందొచ్చారు."

అమ్మ పాప మొలతాడు కింద వేలు పెట్టి చూసింది. డైపర్ పట్టీ పరీక్షించింది. "ఎడంవైపు వదులు," అంది. అంతే. నాన్న మొహం వెలిగిపోయింది.

మూడున ఎయిర్‌పోర్టుకి నేనూ అమ్మే వెళ్లాం. నాన్న గుమ్మం దగ్గరే పాపనెత్తుకుని నిలబడ్డాడు. చెప్పడానికి ఏదో వెతుక్కుని, "షాపు తాళం చెవులు పైజేబులో పెట్టుకో," అన్నాడు. "మాత్రలు వేళకి వేసుకోండి," అంది అమ్మ. ముప్పై ఎనిమిదేళ్లలో వాళ్లు ఒక వారానికి మించి విడిగా లేరు.

వరసలో నిలబడ్డాం. అమ్మ చేతిసంచీ గుండెలకి హత్తుకుని ఉంది. పుస్తకం అందులోనే. లోపలికి వెళ్లే చోటికి ఇంకా పదిమంది ఉన్నారు. ఇప్పుడడగకపోతే మళ్లీ నాన్ననే పంపుతాననిపించింది.

"అమ్మా, నిన్నొకటి అడగనా?"

"అడుగు."

"మార్చిలో ఒక్క రెండు వారాలు రాగలవా? నాన్నకి కాస్త ఊపిరి తీసుకోడానికి. నాకూ."

అమ్మ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది, పెదవులు కదిలాయి, ఏవో తారీఖులు లెక్కేసుకుంది.

"కుదరదే," అంది. "మార్చిలో ముగ్గురున్నారు. ఇప్పటికే ఒప్పుకున్నాను."

"సరే."

"కోపమొచ్చిందా?"

"వచ్చింది."

"రానీ." నా కోటు కాలరు సర్ది, భుజం దగ్గర కుట్టు పట్టి చూసి, "ఇది కూడా నాసిరకమే," అని గొణిగింది. తర్వాత వరస కదిలింది. అమ్మ వెనక్కి చూడకుండా వెళ్లింది. ట్రేలో సంచీ పెట్టేటప్పుడు అక్కడి ఉద్యోగికి తెలుగులోనే ఏదో జాగ్రత్త చెప్పింది. అతను తలూపాడు.

ఐదున ఏడున్నరకి నేను నా బల్ల దగ్గర కూర్చున్నాను. తొమ్మిది నెలల దుమ్ము ఎవరో తుడిచి ఉంచారు. సూపర్‌వైజరు ఒక అచ్చు తెచ్చి పెట్టింది. పైవరస ముందు పన్ను, ఎవరో యాభై ఏళ్ల మనిషిది, మూల కొద్దిగా అరిగింది. దీపం వెలిగించి మైనం కరిగించాను. మొదటి బొట్టు పక్కకి జారింది. అది పని మరిచిపోవడం వల్లో, సొరుగులో పెట్టిన ఫోన్ వల్లో తెలీలేదు.

తొమ్మిదికి మోగింది. "పాలు తాగింది," అన్నాడు నాన్న. తొమ్మిదిన్నరకి, "పడుకుంది." పది గంటల ఐదు నిమిషాలకి, "లేచింది. ఊరికే చెప్దామని." పక్క బల్లావిడ నవ్వడం మొదలుపెట్టింది.

పదకొండున్నరకి మళ్లీ. వెనక పాప కేకలు వినిపిస్తున్నాయి, ఏడుపు కాదు, ఏదో నేలకేసి కొడుతోంది. నాన్న గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నాకొక సాయం చెయ్యాలమ్మా. మీ అమ్మని ఒకసారి అడుగు. మార్చిలో ఓ పది రోజులు రాగలదేమో."

"నేనడిగాను నాన్నా. కుదరదంది."

పాప చేతిలోది లాక్కున్నట్టున్నాడు, మోత ఆగింది.

"నాకోసమని చెప్పి అడగలేదుగా? నాకిక్కడ... ఏం లేదు, బానే ఉంది. ఇల్లు మరీ బోసిగా ఉంది. నువ్వు మెల్లగా ఆ సంగతి ఆవిడ చెవిన వేస్తే..."

మైనం గట్టిపడుతోంది. కత్తి వేడి చెయ్యాలి మళ్లీ.

"నువ్వే ఫోన్ చెయ్యి నాన్నా," అన్నాను. "షాపులో సాయంత్రం టీ వేళైంది అక్కడ. ఇప్పుడైతే తీస్తుంది."

"నేనా? నేనేమని అడగను?"

"ఇప్పుడు నాతో అన్నావే, అదే అను."

ఫోన్ సొరుగులో పెట్టి, కత్తిని దీపం మీద పట్టాను. పది నిమిషాలు దాటినా అది మళ్లీ మోగలేదు. ఇరవై నిమిషాలకీ మోగలేదు. రెండుసార్లు సొరుగు తెరిచి చూశాను. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటున్నారేమో అనుకుని, మూడోసారి తెరవకుండా పన్ను మూల అరుగుదలని చెక్కుతూ కూర్చున్నాను.